ఆనపకాయ తీసుకుంటారు, ఆనపకాయ కూర తీసుకోరు

హనుమకొండలో మేముండే కాలనీలో ఆషాఢం దాటి నాలుగు వానలు పడ్డాయంటే, ఎవరి పెరట్లో ఏం కాసిందో ఎదురింటి వంటిల్లు చూసి చెప్పవచ్చు. మూలమీది ఇంటివారి మునగకాయలు మా పప్పుచారులో ఉంటాయి, మా మిద్దె మీది పుంటికూర వారి రోట్లో ఉంటుంది, వెనుక వరుసలోని జామపండ్లు బడికి పోయే పిల్లలందరి సంచుల్లోనూ ఉంటాయి. కల్యామాకు ఎవరి చెట్టుదని అడిగేవారే లేరు. గోడ మీదికి వంగిన రెబ్బ ఎవరికి అందితే వారిదే. ఈ ఇచ్చిపుచ్చుకోవడాలను చూసి, పట్నంలో ఉన్నా మన ఊరి గుణం మనల్ని విడిచిపోలేదని మురిసిపోయేవారు మాలో చాలామంది ఉన్నారు. ఆ మురిపెంలో సగమే న్యాయం ఉందని నా అభిప్రాయం. పచ్చి కూరగాయ ఇంత సులువుగా గోడ దాటే చోట, అదే కూరగాయ పొయ్యి మీద ఉడికి గిన్నెలోకి వచ్చిన తరువాత ఎందుకు దాటలేకపోతోందో చెప్పకుండా మన పొరుగుతనం గురించి గొప్పలు చెప్పుకోవడం తగదు.

మా ఇంట్లో మొక్కలు మా ఆయనవి, వంట నాది. అందువల్ల ఈ తేడా నాకు తెలిసినంతగా ఆయనకు తెలియదు. మిద్దె మీద పాత నీళ్ల డ్రమ్ములో ఆయన పెట్టిన ఆనపతీగ పందిరి ఎక్కిందంటే ఇక ఊపిరి తీసుకోనివ్వదు. పిందె నిలిచిన పది పదిహేను రోజులకే కాయ కోతకు వస్తుంది. ఆ అదను దాటితే తోలు గట్టిపడి, గింజ ముదిరి, లోపల బెండు కట్టి కూరకు పనికిరాకుండా పోతుంది. ముదిరిన కాయను తీగకే వదిలేస్తే తీగ సత్తువంతా దాని గింజలకే పోతుంది, కొత్త పిందెలు నిలవవు. కాబట్టి కోయక తప్పదు. కోసినవన్నీ ఇద్దరు ముగ్గురున్న ఇంట్లో చెల్లవు, ఫ్రిజ్‌లో ఆనపకాయ పట్టే చోటు ఎవరికీ ఉండదు. పెరటివాళ్లు పంచడంలో పెద్ద త్యాగమేమీ లేదని చెప్పడానికే ఇదంతా చెబుతున్నాను. పంచకపోతే పారేయాలి, అంతే. తీసుకునేవారికీ అందులో కష్టం లేదు. ఇంటికి తీసుకుపోయి, తమ నీళ్లతో కడిగి, తమ కత్తిపీటతో తరిగి, తమ పోపు వేసుకుంటారు. ఇచ్చినవారి చేయి అప్పటికి పూర్తిగా చెరిగిపోయి ఉంటుంది.

అదే కాయను నేను సన్నగా తరిగి, వేయించిన నువ్వుల పొడి చల్లి, రెండు ఎండుమిరపకాయలతో పోపు పెట్టి గిన్నెలో వేసుకుని గడప దాకా వెళ్తే మాట మారుతుంది. "ఇయ్యాల మాకు ఒక్కపొద్దు అక్కా." "గిప్పుడే తిన్నం." "ఆయనకు షుగరున్నది గదా." "పిల్లలు బయటి కూర ముట్టరు." ఏ ఒక్క మాటనూ అబద్ధమనలేం, ఎవరి కడుపు సంగతి వారికే తెలుసు. అయితే శనివారం ఒక్కపొద్దు మంగళవారం కూడా వస్తుందని నాకు ఈ కాలనీకి వచ్చిన తరువాతే తెలిసింది. ఆనపకాయ మా ఆయనకు పేరు తెచ్చింది. కూర మాత్రం చాలాసార్లు నా వెంటే ఇంటికి తిరిగి వచ్చింది.

ఇది నా ఒక్కదాని అలక అయి ఉంటే ఇంత రాయవలసిన పని లేదు. కాలనీ గేటు పక్కన నీడలో ఒక బల్ల వేసి, ఎవరింట్లో ఎక్కువైన కూరగాయలను వారు అక్కడ పెట్టాలని, కావలసినవారు తీసుకుపోవాలని సంఘం సమావేశంలో ఒక ప్రతిపాదన వచ్చింది. అందరూ చప్పట్లు కొట్టి ఒప్పుకున్నారు. అప్పుడు రిటైరైన ఒక టీచరమ్మ లేచి, పండుగలప్పుడు ఇంట్లో చేసిన అప్పాలో, పులిహోరో, సర్వపిండో కూడా పెట్టవచ్చా అని అడిగింది. చప్పట్లు కొట్టిన చేతులే గాలిలో అడ్డంగా ఊగాయి. చివరికి రిజిస్టర్‌లో "వండిన పదార్థాలకు అనుమతి లేదు" అని రాశారు. కారణంగా ఆరోగ్యం అన్న మాట రాశారు.

ఆరోగ్యం అన్న మాటను నేను తేలికగా తీసేయను. వండిన తిండి పాడవుతుంది, పాడైన తిండి మనిషిని పడగొడుతుంది. వండిన పదార్థాన్ని బయటి వేడిలో రెండు గంటలకు మించి ఉంచవద్దని, వేడిగా పెట్టదలచుకుంటే అరవై డిగ్రీల పైన ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. అన్నం సంగతి మరీ జాగ్రత్తగా చూడాలి. బియ్యంలో ఉండే ఒక రకం సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావవు, అన్నాన్ని గంటల తరబడి బయట వదిలేస్తే మళ్లీ లేచి విషం తయారుచేస్తాయి. కాబట్టి మే నెల ఎండలో గేటు పక్కన బల్ల మీద పెరుగన్నం గిన్నె పెట్టి పోవడం తప్పే. ఇందులో నాకు వాదన లేదు.

కానీ పచ్చిదంతా క్షేమం, వండినదంతా ప్రమాదం అని గీత గీయడంలో మాత్రం నాకు పేచీ ఉంది. ఆనపకాయనే తీసుకుందాం. ఒక్కోసారి పైకి నున్నగా, లేతగా ఉన్న కాయే కొరికితే చేదు విషంలా ఉంటుంది. ఆ చేదుకు కుకుర్బిటాసిన్లు అనే పదార్థాలు కారణం, అవి వండినా పోవు. చేదు ఆనపకాయ రసం తాగి మన దేశంలో మనుషులు చనిపోయారు. చేదుగా ఉన్న కాయను పారేయాలి తప్ప తినకూడదని భారత వైద్య పరిశోధన మండలి నియమించిన నిపుణులు తేల్చి చెప్పారు. బల్ల మీద పెట్టిన పచ్చి ఆనపకాయను ఎవరూ కొరికి చూడరు. నేను వండి తెచ్చిన కూరను మాత్రం కనీసం ఒక మనిషి రుచి చూసి ఉంటుంది. ఆ లెక్కన నా గిన్నెకే ఎక్కువ మార్కులు పడాలి.

పైగా మన వైపు ఇంటింటికీ తిరిగే తిండి ఏమిటో ఒక్కసారి గమనించండి. సకినాలు నూనెలో కరకర వేగినవి, తడి ఉండదు. సత్తుపిండి వేయించి దంచినది. పులిహోరలో చింతపండు పులుపు ఉంటుంది. మామిడికాయ తొక్కులో ఉప్పూ నూనే కాపలా కాస్తాయి. చపాట మిరప కారం వేస్తే ఎర్రగా ఉంటుంది గానీ నోరు మండదు కాబట్టి పిల్లలున్న ఇళ్లకూ ధైర్యంగా ఇవ్వవచ్చు. (వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు దక్కినప్పుడు మా ఆయన అది తన సొంత తోటకు వచ్చినట్టే కాలనీ అంతా చెప్పుకున్నాడు.) ఏది నిలవ ఉంటుందో, ఏది దూరం పోగలదో మన అవ్వలకు తెలుసు. నిలవ ఉండని జున్నును మాత్రం బర్రె ఈనిన ఇంటివారు వండిన పూటే పంచేసేవారు, తీసుకున్నవారు ఆ పూటే తినేవారు. ఎప్పుడు వండారో, ఏమి వేశారో చెప్పి ఇస్తే, అందులో పల్లీలు ఉన్నాయా, చక్కెర ఎంత పడింది, మాంసం వండిన గిన్నెలోనే చేశారా అని అడిగితే చెబితే, ఆరోగ్యం పేరుతో వచ్చే అభ్యంతరాల్లో చాలా వరకు అక్కడే తీరిపోతాయి.

అవి తీరినా గిన్నె గడప దాటదు. అసలు కారణం ఆరోగ్యం కాదని నేను అనుమానించడానికి ఆధారం కూడా ఉంది: అభ్యంతరం ఇల్లు మారితే మారుతుంది. షుగరున్న మనిషే ఒక ఇంటి నుంచి వచ్చిన పరమాన్నాన్ని కళ్లకద్దుకుని తింటాడు, ఇంకో ఇంటి నుంచి వచ్చిన ఉప్పు గారెలను చూసి డాక్టరును తలచుకుంటాడు. సూక్ష్మజీవికి ఇంటిపేరు తెలియదు. ఇక చౌరస్తాలోని కర్రీ పాయింట్ సంగతి చూడండి. సాయంత్రం ఏడింటికి మా కాలనీలో సగం స్కూటర్లు అక్కడే ఉంటాయి. ఆ సాంబారు ఎప్పుడు కాచిందో, ఆ వంకాయ కూర వండిన మనిషి ఎవరో, ఎక్కడివారో ఎవరూ అడగరు. పల్చటి కవర్లో వేడివేడిగా పోసి ముడి వేస్తే తగిలించుకుని వస్తారు. స్వగృహ దుకాణంలో కిలో లెక్కన తూచి ఇచ్చే సకినాలను చుట్టిన చేతులెవరివో ఎవరికి తెలుసు? డబ్బు ఇచ్చి కొన్నప్పుడు వండిన చేయి కనబడదు. పక్కింటి గిన్నెలో అది కనబడుతుంది. మన వెనుకంజ అక్కడ మొదలవుతుంది.

దీనికి పాత చరిత్ర ఉంది. దాన్ని దాటవేసి, ఒకప్పుడు పల్లెల్లో అందరూ కలిసి తిన్నట్టు, పట్నాలు వచ్చి చెడగొట్టినట్టు చెప్పే మాటలు వింటే నాకు విసుగు పుడుతుంది. మా ఊళ్లలో పంట కల్లానికి వచ్చినప్పుడు చాకలికీ, మంగలికీ, కుమ్మరికీ, వడ్లవారికీ, కావలికారుకూ మేర, అంటే పంటలో వారి వంతు గింజలు, కొలిచి పోసేవారు. వడ్లు అందరి చేతుల్లోకీ వెళ్లేవి, అందరి చేతుల నుంచీ వచ్చేవి. కోసినదీ, తూర్పార పట్టినదీ, మోసినదీ ఎవరో మనకు తెలుసు. పచ్చి గింజకు మైల లేదు. నీళ్లు తగిలి, నిప్పు తగిలి అన్నమైన మరుక్షణం దానికి మెట్లు వచ్చేవి. అన్నం పై మెట్టు నుంచి కింది మెట్టుకు మాత్రమే దిగేది, అదీ పై నుంచి వంపితే దోసిట్లోనో సొంత గిన్నెలోనో పట్టుకోవలసిందే. కింది నుంచి పైకి ఎక్కడం ఎన్నడూ లేదు. ఊరి హోటళ్లలో వేరు గ్లాసులు పెట్టిన కాలం మరీ దూరపుదేమీ కాదు. రాజ్యాంగంలోని 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, 1955లో దానికి చట్టం కూడా వచ్చింది. చట్టం హోటల్ తలుపు తెరిపించగలదు. పక్కింటి కూరను మన కంచంలో వేయించే సెక్షను ఏ చట్టంలోనూ ఉండదు, ఉండకూడదు కూడా. అది మనమే చేయవలసిన పని.

తెలుగువారికి ఈ ఆలోచన కొత్త కాదు. పల్నాటి బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు తినిపించాడన్న కథను మనం తరతరాలుగా గర్వంగా చెప్పుకుంటున్నాం. అయితే కలిసి తింటే కులం పోతుందని నేను భ్రమ పెట్టదలచుకోలేదు. సహపంక్తి భోజనాలు ఎన్ని చేసినా కులం పునాది కదలదని, కులాంతర వివాహాలే దానికి అసలైన మందని అంబేడ్కర్ 1936లోనే స్పష్టంగా రాశాడు. ఆ మాట నిజమని ఒప్పుకుంటూనే నేను అడిగేది ఒకటి ఉంది. పక్కింటి గిన్నెలోని కూర ముద్ద మింగుడు పడని ఇల్లు రేపు పక్కింటి పిల్లను కోడలిగా ఎలా తెచ్చుకుంటుంది? మందు అది కాకపోవచ్చు. కానీ రోగం ఎంత ముదిరిందో గిన్నె చెబుతుంది.

సద్దుల బతుకమ్మ మరునాడు కాజీపేటలో మా దగ్గరి చుట్టాలింట్లో ఉన్నాను. బోళ్లు తోమే ఆమె పొద్దున్నే వస్తూ ఒక స్టీలు డబ్బా తెచ్చింది. మూత ఊడిపోకుండా పాత చీర పేలికతో కట్టి ఉంది. విప్పి చూపించింది: ఒక పక్క మలీద ముద్దలు, ఒక పక్క నువ్వుల సత్తు, మధ్యలో పల్లీల సత్తు, ఒకదానిలో ఒకటి కలవకుండా మోదుగాకు ముక్కలు అడ్డం పెట్టింది. "మా బిడ్డ చేసింది, తినుండ్రమ్మా" అంది. ఇంటావిడ నవ్వుతూనే, "ఆడ పెట్టు, తర్వాత తింట" అని బోళ్లు కడిగే గట్టు చూపించింది, వంటింటి అరుగు చూపించలేదు. నేను ఒక మలీద ముద్ద తీసుకున్నాను. రొట్టె బాగా కాలింది, బెల్లం మా ఇంట్లో వేసే దానికన్నా తక్కువ, యాలకుల వాసన ఘాటుగా ఉంది. నా మలీద కన్నా బాగుందని చెప్పడానికి నాకు మొహమాటం లేదు. సాయంత్రానికి ఆ డబ్బాలోనివన్నీ పక్క అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పిల్లలకు వెళ్లాయి. డబ్బాను తళతళలాడేలా తోమించి, ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కాబట్టి అందులో గుప్పెడు చక్కెర పోసి ఇచ్చారు. ఆచారంలో ఏ లోటూ జరగలేదు.

ఆ ఇంట్లోనే రాత్రి మిగిలిన కూరలు ప్రతి పొద్దూ బోళ్లు తోమే ఆమెకు వెళ్తాయి. దాన్ని దయ అంటారు. నిజంగా దయే కావచ్చు, ఇంటావిడ చెడ్డ మనిషి కాదు, ఆమె పిల్లల ఫీజులకు సాయం చేసిన మనిషి. అయితే ఒకే డబ్బా రోజూ ఒకే దిక్కుకు నిండుగా పోతూ, రెండో దిక్కుకు ఏడాదికి ఒక్కరోజు నిండుగా వస్తే ఆ ఒక్కరోజూ గట్టు మీదే ఆగిపోవడాన్ని పంచుకోవడం అనలేం. ఎవరెంత ఇచ్చారన్నది నేను లెక్క పెట్టను. ఎవరి నుంచి తీసుకుని, వారి ఎదురుగా తిన్నారన్నదే చూస్తాను.

అలా తినే మార్గాలు మన ప్రాంతంలో లేకపోలేదు. రెండేళ్లకోసారి మేడారం జాతర నుంచి వచ్చినవారు సమ్మక్క సారలమ్మల బంగారాన్ని, అంటే బెల్లాన్ని, వాడంతా పంచుతారు. గద్దెల దగ్గర పూజారులు కోయవారు. వారి చేతుల మీదుగా వచ్చిన ఆ బెల్లాన్ని ఏ కులం ఇంట్లోనూ వద్దన్నవారిని నేను చూడలేదు; షుగరున్నవారు కూడా చిటికెడైనా నోట్లో వేసుకుంటారు. బెల్లం పచ్చిదే కదా అని ఎవరైనా నాకు అడ్డు చెబితే, చెరుకురసం కాచకుండా బెల్లం ఎక్కడి నుంచి వస్తుందో వారే చెప్పాలి. బక్రీదుకు మాంసాన్ని మూడు పాళ్లు చేసి ఒక పాలు చుట్టాలకూ ఇరుగుపొరుగుకూ తీయడం ముస్లింల ఆచారం. మాంసం తినని ఇళ్లకు రంజాన్ నాడు షీర్ ఖుర్మా పంపే కుటుంబాలు మా వీధిలోనే ఉన్నాయి. సద్దుల బతుకమ్మ రాత్రి పద్మాక్షి గుండం దగ్గర బతుకమ్మలను నీళ్లలో విడిచిన తరువాత, చీకట్లో ఎవరి సత్తు ఎవరి చేతిలో పడుతుందో చూసుకునే తీరిక ఎవరికీ ఉండదు. ఒకప్పుడు చాలా ఊళ్లలో బతుకమ్మ కూడా వాడల వారీగా వేరువేరుగానే ఆడేవారన్నది మరచిపోకూడదు. 2014లో రాష్ట్ర పండుగ అయినంత మాత్రాన ఆ గీతలన్నీ చెరిగిపోలేదు. అయినా గుండం గట్టు మీద నిలబడ్డప్పుడు నాకు ఆశ కలుగుతుంది.

వీటన్నిటికన్నా నాకు సకినాలే దగ్గర. సంక్రాంతికి ముందు కొత్త బియ్యం రాత్రంతా నానబెట్టి, పొద్దున వడగట్టి, తడి ఆరకముందే పిండి పట్టించి, జల్లించి, నువ్వులు, వాము, ఉప్పు వేసి కలుపుతారు. అక్కడి నుంచి తొందర మొదలవుతుంది. పిండి ఆరితే వేళ్ల మధ్య తిరగదు, తెగిపోతుంది. మరీ జారుగా ఉంటే చుట్టు నిలవదు. కాబట్టి ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఉతికిన ధోవతి నేల మీద పరిచి, ముందు గౌరమ్మను చేసి పసుపు కుంకుమ పెట్టి, ఆడవాళ్లందరూ చుట్టూ కూర్చుంటారు. బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పిండిని పురిపెడుతూ, చుట్టు మీద చుట్టు వేస్తూ, ఎవరి చుట్లు వంకరగా ఉన్నాయో వెక్కిరించుకుంటూ గంటల తరబడి సాగుతుంది. బట్ట తడిని పీల్చుకున్న తరువాత ఒక్కొక్కటే విరగకుండా ఎత్తి నూనెలో జారవిడుస్తారు. ఆ రోజు ఆ ఇంటి సకినాలలో నాలుగిళ్ల చేతులు ఉంటాయి. రేపు ఇంకో ఇంట్లో ధోవతి పరుస్తారు. ఇందులో ఇచ్చేవారెవరో, పుచ్చుకునేవారెవరో విడదీయలేం. అందుకే సకినాల పళ్లెం పట్టుకుని ఎవరింటికి వెళ్లినా ఒక్కపొద్దులు గుర్తుకు రావు. చుట్టడానికి ఎవరిని పిలుస్తాం, ఎవరిని పిలవం అన్న చోట మళ్లీ పాత గీతలు పైకి తేలుతాయి. ఆ పిలుపును మరో రెండిళ్ల దాకా పొడిగించడం మాత్రం మన చేతిలో పని.

ఇక్కడ ఒక మాట మగవారికి చెప్పాలి. ఇరుగుపొరుగుతో తిండి పంచుకోవాలని ఉపన్యాసం చెప్పడం తేలిక. ఆ తిండి వండేది, గిన్నె కడిగేది, తిరిగి వచ్చిన గిన్నెను గుర్తుపెట్టుకునేది ఎక్కువ ఇళ్లలో ఒకే మనిషి. ఉద్యోగం చేసి వచ్చి ఇంట్లోవాళ్లకు వండడమే భారమైన ఆడవాళ్లకు పక్కింటికి కూడా వండమని నేను చెప్పను. ఇంటి కోసం వండినదాంట్లో ఒక గరిటె తీసి ఇస్తే చాలు. పంచడానికని ప్రత్యేకంగా వండితే అది పోటీ అవుతుంది, పోటీ అయిన మరునాటి నుంచి అవతలివారికి అప్పు అవుతుంది. మా వీధిలో ఒక ఇంటివారు ఏది పంపినా రెండింతలు చేసి తిరిగి పంపుతారు. వారికి ఏదైనా ఇవ్వాలంటే భయమేస్తుంది. మొక్కలు పెంచే మగవారు కూడా ఆనపకాయను గోడ మీద పెట్టడంతో ఆగకుండా, ఒక్కసారి దాన్ని వండి తీసుకుపోయి చూస్తే నేను ఇంతసేపు రాసినది వారికి ఒక్క పూటలో అర్థమవుతుంది.

ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదన్న పాత మర్యాదకు ఈమధ్య అవసరం లేకుండా పోతున్నది. హోటల్ బిర్యానీ వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలు ప్రతి ఇంట్లోనూ గుట్టలుగా ఉన్నాయి. వాటిలో పెట్టి ఇచ్చి, "డబ్బా మళ్ల ఇయ్యకుండ్రి, పారెయ్యిండ్రి" అంటారు. మంచి మనసుతోనే అంటారు. కానీ స్టీలు గిన్నె ఇచ్చినప్పుడు అది తిరిగి రావాలి, తీసుకుని వచ్చిన మనిషి గడపలో రెండు నిమిషాలు నిలబడాలి, కూర ఎలా ఉందో చెప్పాలి, అందులో కొన్ని పండుమిరపకాయలో, పిల్లలకు ఒక జామపండో ఉండాలి. డబ్బాతో పాటు ఆ రెండో రాకపోకనూ మనం పారేస్తున్నాం. నేను మాత్రం గిన్నె అడుగున పేరు కొట్టించి ఉన్న పాత స్టీలు గిన్నెల్లోనే ఇస్తున్నాను. రెండు మూడు తిరిగి రాలేదు. అయినా మానలేదు.

ఇవ్వడం కన్నా, తీసుకోవడం కన్నా కూడా కష్టమైనది అడగడం అని నాకు ఇప్పుడు అనిపిస్తున్నది. మా అత్తమ్మ కాలంలో పెరుగు తోడుకు, ఒక గ్లాసు మజ్జిగకు, పొయ్యిలో నిప్పుకు పక్కింటికి పోవడం ఎవరికీ చిన్నతనం కాదు. ఇప్పుడు పది నిమిషాల్లో కొత్తిమీర కట్టను కూడా ఇంటికి తెచ్చే యాప్‌లు వచ్చిన తరువాత పక్కింటి తలుపు తట్టడానికి సాకే దొరకడం లేదు. అడగనివారికి ఇవ్వడంలో ఎంతో కొంత మనది పై చేయే. అడిగినప్పుడు మన చేయి కిందికి వస్తుంది, అవతలివారికి ఇచ్చే అవకాశం వస్తుంది. అందుకని ఆ వస్తువు మా ఇంట్లో ఉన్నా లేకున్నా నేను అడుగుతున్నాను, ఎక్కువగా నా కూరను ఒక్కపొద్దు పేరుతో తిప్పి పంపిన ఇళ్లనే అడుగుతున్నాను. మొన్న ఎదురింటికి పోయి, పచ్చిపులుసు కలుపుదామంటే చింతపండు అయిపోయిందని, నాలుగు రెబ్బలు ఇమ్మని అడిగాను. వాళ్లబ్బాయి ఫోన్ తీసి, "ఆంటీ, ఆర్డర్ పెట్టనా?" అన్నాడు. వాళ్లమ్మ వాణ్ని పక్కకు నెట్టి, చింతపండు తేలేదు, ఆ పూట వాళ్లింట్లో చేసిన పచ్చిపులుసే సగం గిన్నె పోసి ఇచ్చింది. ఉప్పు కొంచెం ఎక్కువైంది. గిన్నె ఇంకా మా ఇంట్లోనే ఉంది. రేపు ఆనపకాయ కూరతో తిరిగి పోతుంది, తీసుకుంటారో లేదో చూడాలి.